మర్జాన్ గడియారం

పోయిన వారం విమలకుమారిని అమెరికాలో ఇర్వింగ్ తెలుగు చర్చి వంటగదిలో, ముఖంలో నెత్తురు చుక్క లేకుండా నిలబెట్టి వచ్చాం. ఆవిడ అలా ఎందుకు కొయ్యబారిపోయిందో ఈ వారమే కొత్తగా చదువుతున్నవాళ్ళకి చెప్పాలి. అది 1985 ఏప్రిల్ చివరి శనివారం. మధ్యాహ్నం సంఘ భోజనం అయ్యాక ఆమె భర్త దైవాశీర్వాదం, సంఘానికి కార్యదర్శి గనక, ఏటా చేసే హెచ్చరికే మళ్ళీ చేశాడు. "ఈ రాత్రి పడుకునే ముందు గడియారాలు గంట ముందుకి తిప్పుకోండి. పోయినేడాదిలా ఆరాధన అయిపోయాక వచ్చి, ప్రసంగం ఎప్పుడండీ అని అడక్కండి." అందరూ నవ్వారు. విమల చేతిలో అన్నం గరిటె జారి కిందపడింది.

విమలది నర్సాపురం. ఇర్వింగ్‌లోనే లాస్ కొలినాస్ అనే పేటలో రాడార్లు చేసి అమ్మే ఒక కంపెనీలో ప్రోగ్రామర్. ఆ సరుకు కొన్నది గల్ఫ్‌లో మర్జాన్ అనే బుల్లి ద్వీప దేశం. అయిదేళ్ళుగా కొట్టుకు చస్తున్న రెండు పెద్ద దేశాల మధ్య, ఎవరి దెబ్బ ఎటు తగులుతుందో తెలియక బిక్కుబిక్కుమంటూ బతుకుతోంది. దాని వైమానిక దళమంతా కలిపి పన్నెండు యుద్ధ విమానాలు. నర్సాపురం డిపోలో బస్సులు అంతకన్నా ఎక్కువే ఉంటాయి.

ఆకాశంలో విమానం కనబడగానే మర్జాన్ రాడార్ దాన్ని ఒక రహస్య అంకె అడుగుతుంది. సరైన అంకె చెబితే మనవాడు, చెప్పకపోతే పరాయివాడు. ఆ అంకె రోజూ తెల్లవారుజామున మూడింటికి మారుతుంది. పైలట్లు చేతి వాచీ చూసుకుని మార్చుకుంటారు. కింద కంప్యూటర్ తన గడియారం చూసుకుని మార్చుకుంటుంది. ఆ గడియారం ప్రోగ్రామ్ రాసింది విమల. ఏప్రిల్ చివరి ఆదివారం తెల్లవారుజామున రెండింటికి గంట ముందుకి దూకాలని అందులో ఒక నియమం కూడా రాసింది. అది వేసవిలో పగటి వెలుగు కలిసిరావాలని పెట్టుకున్న అమెరికా నియమం. మర్జాన్‌లో గడియారాలు ఏడాది పొడుగునా బుద్ధిగానే నడుస్తాయి.

అమెరికాలోనే పుట్టి పెరిగినవాళ్ళెవరైనా అయితే ఆ సంగతి మర్చిపోయి ఊరుకునేవాళ్ళు, గొడవుండేది కాదు. విమల అమెరికా వచ్చిన మొదటి వసంతంలో ఈ గంట మార్పు తెలియక, పట్టుచీర కట్టుకుని ఒక అమెరికన్ చర్చికి వెళ్ళింది. మెట్లెక్కుతుంటే జనం దిగి వస్తున్నారు. ఆ సిగ్గు పన్నెండేళ్ళయినా పోలేదు. అందుకే ప్రోగ్రామ్ రాసేటప్పుడు జ్ఞాపకం పెట్టుకుని, కాస్త గర్వంగానే ఆ వరస చేర్చింది. జనవరిలో జరిగిన పరీక్షలో ఏప్రిల్ నెల సంగతి ఎవరూ చూడలేదు.

అంటే ఈ రాత్రి మర్జాన్‌లో రెండింటికే కంప్యూటర్ మూడయిందనుకుని కొత్త అంకె అడుగుతుంది. మూడింటి దాకా, ఆ గంటసేపూ మర్జాన్ విమానాలు మర్జాన్‌కే శత్రువులు. మూడు వారాల క్రితం ఎవరిదో తెలియని విమానం వాళ్ళ చమురు ఓడ మీద బాంబు వేసి పోయింది. అప్పట్నుంచి రాత్రిళ్ళు, జవాబు చెప్పని విమానం కనబడితే మళ్ళీ అడక్కుండా క్షిపణి పేల్చమని అక్కడ ఆజ్ఞ ఉంది. ఇర్వింగ్‌కీ మర్జాన్‌కీ తొమ్మిది గంటల తేడా. అక్కడి రాత్రి రెండంటే ఇక్కడ శనివారం సాయంత్రం అయిదు.

గరిటె జారేసరికి రెండున్నర.

"ఏంటి విమలా, అలా ఉన్నావ్? బీపీ గానీ డౌన్ అయిందా?" అన్నాడు దైవాశీర్వాదం.

"ఆఫీస్‌లో ఒక టెస్ట్ ఉంది, మర్చిపోయాను. మీరూ లూసీ ఎవరి కార్‌లోనైనా వెళ్ళిపోండి."

"ఇవాళ శనివారం కదే!"

"అందుకే మర్చిపోయాను."

అంతకు మించి కూతురు లూసీతోనే కాదు, మొగుడితో కూడా చెప్పనని సంతకం పెట్టిన మనిషి. పధ్నాలుగేళ్ళ కాపురంలో ఆయనతో ఆడిన అబద్ధాలన్నీ ఈ ఉద్యోగంలో చేరాక ఆడినవే. కారు స్టార్ట్ చేసి ఆఫీసు దారి పట్టింది. హైవే మీద జనం ఎండకి అద్దాలు దించుకుని, పాటలు పెట్టుకుని హాయిగా పోతున్నారు. పక్క లేన్‌లో ఎవరో చెయ్యూపితే ఆమె గబుక్కున అద్దం ఎత్తేసుకుంది.

ఆఫీసులో గార్డు తప్ప ఎవరూ లేరు. ప్రాజెక్టు గదిలో గోడకి రెండు గడియారాలున్నాయి. ఒకదాని కింద 'ఇర్వింగ్' అనీ, రెండోదాని కింద 'కస్టమర్' అనీ అట్టముక్కలు అంటించారు. ఆ కంపెనీలో మర్జాన్ పేరు ఎవరూ పైకి అనరు. విమల రిసీవర్ ఎత్తింది. ప్రతి ఫోన్ కాల్ పక్కనున్న రిజిస్టర్‌లో రాయాలి. ఆమె రాయలేదు. ఆ ఉద్యోగంలో ఆమె తెలిసి చేసిన మొదటి తప్పు అదే.

అవతల మేజర్ ఫహీం దొరికాడు. మర్జాన్ ఆపరేషన్స్ గది ఆయన చేతిలోదే. పోయినేడు నాలుగు నెలలు ట్రైనింగ్‌కి ఇర్వింగ్ వచ్చి, ఇంటి మీద బెంగతో చిక్కిపోతుంటే, ప్రతి ఆదివారం విమల చేపల పులుసు పెట్టి మనిషిని చేసింది. అప్పట్నుంచి ఆయనకి ఆమె సిస్టర్.

"సిస్టర్! ఈ వేళప్పుడు మీరేమిటి?"

"మేజర్, జాగ్రత్తగా వినండి. ఇవాళ రెండింటికి మీ కంప్యూటర్ గడియారం గంట ముందుకి దూకుతుంది. అలా దూకకూడదు. గంట తగ్గించే కమాండ్ మీకు నేర్పాను కదా, రెండింటికి అది పనిచేసేలా ఇప్పుడే ఎక్కించి పెట్టండి."

ఆయన తెలివైనవాడు, ఆ గంటలో ఏం జరిగేదో లెక్క కట్టుకున్నట్టున్నాడు.

"ఎవరికైనా చెప్పాలా?"

"వద్దు. మీ వాళ్ళకీ వద్దు, అక్కడున్న మా ఇంజనీరుకీ వద్దు. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఇవాళ గస్తీకి లేస్తున్నది నా తమ్ముడు రషీద్, సిస్టర్. ఇంకో విమానంతో కలిసి ఒంటిగంటకి వెళ్ళి మూడున్నరకి దిగుతాడు. నేను ఎవరికి చెబుతాను!" అన్నాడు మేజర్. టకటకా కీలు నొక్కిన చప్పుడు వినిపించింది. "అయిపోయింది. మీరు నిశ్చింతగా పడుకోండి."

ఇర్వింగ్‌లో అప్పుడు మూడుంబావు. పడుకోవడం సంగతి దేవుడెరుగు, ఇంటికి వెళ్ళడానికే మనసొప్పలేదు. బల్ల మీద తల పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది. అయితే ఏమని ప్రార్థించాలో తేలలేదు. ఆ విమానం క్షేమంగా దిగాలనా, తన పేరు బయటికి రాకూడదనా? రెండోదే ముందు నోట్లోకి వచ్చింది. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అలా గంటసేపు ఎలా గడిచిందో ఆమెకే తెలియదు.

నాలుగూ ఇరవైకి తలుపు తెరుచుకుంది. వచ్చినవాడు శ్యామ్‌సుందర్. ఆ విభాగానికి మేనేజర్, యాభై దాటిన వరంగల్ మనిషి. విమలకి ఉద్యోగం ఇచ్చినవాడూ, జనవరి పరీక్ష కాగితాల మీద సంతకం పెట్టినవాడూ ఆయనే. ఆమెని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మీరేంది విమలగారూ, శనివారం?"

"టేపులు సర్దుతున్నానండీ. మీరూ?"

"గొడుగు మర్చిపోయిన."

బయట ఎండ కళ్ళు బైర్లు కమ్మేలా ఉంది. ఇద్దరూ ఆ మాట పట్టించుకోలేదు. ఆయన ఒక సొరుగు తెరిచి మూశాడు. ఆమె సర్దిన టేపే మళ్ళీ సర్దింది. ఒకరికి తెలియకుండా ఒకరు గోడవంక చూస్తున్నారు, ఇద్దరి చూపూ 'కస్టమర్' గడియారం మీదే. రెండుసార్లు చూపులు కలిశాయి. మూడోసారి విమల ఇక ఆపుకోలేకపోయింది.

"శ్యామ్‌గారూ, నేనొక తప్పు చేశాను. ఆ గడియారం ప్రోగ్రామ్‌లో..."

శ్యామ్‌సుందర్ గబుక్కున తలుపు మూశాడు. "చిన్నగ మాట్లాడున్రి. నాకెరుకే."

ఆయన అరుస్తాడనుకుంది విమల, నెత్తి కొట్టుకుంటాడనుకుంది. ఇది మాత్రం ఊహించలేదు.

"ఎరుకా? ఎప్పట్నుంచి?"

"గురువారం నుంచి. అక్కడ మన ఇంజనీర్ ఉదయ్ ఉన్నడు గద, రాడార్ గుట్ట మీద. రాత్రి డ్యూటీల ఏం తోచక ప్రోగ్రామ్ చదువుకుంట కూసుంటే దొరికిందట. నాకు ఇంటికి ఫోన్ చేసిండు."

"గురువారం! నిన్న కెఫెటేరియాలో నా ఎదురుగా కూర్చుని, మా లూసీ చదువు గురించి అరగంట మాట్లాడారు. నవ్వుతూ మాట్లాడారు."

"ఏడ్వమంటవా?" అన్నాడాయన. అంతవరకూ ఆమెని 'మీరు' తప్ప అని ఎరగడు. "నీ పేరు బయటికి రావద్దని ఊకున్న."

"నా పేరా, మీ సంతకమా?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు.

"రెండూ," అన్నాడు చివరికి. "నీకు ఆ లీ యాదికున్నడా, మెకానికల్ సెక్షన్‌ల? ఒక్క డ్రాయింగ్ బ్యాగ్‌ల పెట్టుకొని ఇంటికి పోయిండు. కావాలని కాదు, మరుపుల పోయింది. తెల్లారి ఇద్దరొచ్చి తీసుకపోయిన్రు. బల్ల మీద పిల్లల ఫోటో గూడ తీసుకోనియ్యలే. పేపర్ తీసుకపోయినోనికే గట్లయితే, విమానాలు కూల్చే లైన్ రాసిన నీకేం చేస్తరు? సరిగుందని సైన్ చేసిన నాకేం చేస్తరు? మన ఇద్దరి సిటిజన్‌షిప్ కాగితాల మీద ఇంకా సిరా గూడ ఆరలే. మనం చేస్తే దాన్ని మిస్టేక్ అనరు విమలా. వేరే పేరు పెడతరు."

ఆ వేరే పేరు ఏమిటో ఆమెకి తెలుసు. ఉద్యోగంలో చేరినరోజు చదివించిన కాగితాల్లో పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉంది. సంకెళ్ళతో ఆఫీసు మెట్లు దిగుతున్నట్టు, లూసీ స్కూల్లో పిల్లలు దాని వంక తిరిగి చూస్తున్నట్టు కళ్ళకి కట్టింది.

"ఇగ భయపడకు," అన్నాడు శ్యామ్‌సుందర్, కాస్త మెత్తబడి. "పని అయిపోయింది. ఉదయ్‌తోని నిన్ననే చేయించిన. గంట తగ్గించే కమాండ్ ఎక్కించి పెట్టిండు. రెండింటికి గడియారం ముందుకు ఉరుకుతది, వెంటనే వెనుకకొస్తది. ఎవ్వరికీ తెల్వది. ఎవ్వరికీ చెప్పకని ఒట్టేయించుకున్న, ముఖ్యంగ ఆ ఎయిర్ ఫోర్సోళ్ళకు. వచ్చే నెల కొత్త టేప్ పంపిస్తం, రొటీన్ అని చెప్తం. నేను ఇయ్యాల ఊకెనే వచ్చిన, మనసు ఊకోక."

విమల మొహంలోకి ఒక్క క్షణం ప్రాణం వచ్చింది. "నిజంగానా? నిన్ననే..."

అక్కడితో మాట ఆగిపోయింది. లేచి, బల్ల పట్టుకుని నిలబడింది.

"శ్యామ్‌గారూ. నేను కూడా ఎక్కించాను."

"ఏం ఎక్కించినవ్?"

"అదే కమాండ్. గంట క్రితం మేజర్ ఫహీంకి ఫోన్ చేశాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. ఉదయ్‌కి కూడా చెప్పొద్దన్నాను."

ఆయనకి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. విమల బోర్డు దగ్గరికి వెళ్ళి సుద్దముక్కతో రాయబోయింది. ఎవరైనా చూస్తారేమోనని మానేసి నోటితోనే చెప్పింది. రెండింటికి గడియారం ఒక గంట పెరుగుతుంది. ఉదయ్ చెప్పినందుకు ఒక గంట తగ్గుతుంది. మేజర్ తన గదిలోంచి వేరేగా చెప్పినందుకు ఇంకో గంట తగ్గుతుంది; ఒకరు ఎక్కించింది రెండోవాళ్ళకి కనబడదు. అసలు టైం రెండయితే కంప్యూటర్ ఒంటిగంట అనుకుంటుంది. ఈ ఏటికి దూకడం అయిపోయింది గనక మళ్ళీ దూకదు. మూడింటికి పైలట్లు వాచీ చూసుకుని కొత్త అంకెకి మారిపోతారు. కంప్యూటర్ మాత్రం నాలుగింటి దాకా పాత అంకే అడుగుతూ కూర్చుంటుంది.

"అంటే ఆపద రెండింటి నుంచి మూడింటికి జరిగింది, గంతేనా?" అన్నాడు శ్యామ్‌సుందర్.

"అంతే కాదండీ. రషీద్ ఒంటిగంటకి లేచాడు. రెండింటికీ మూడింటికీ మధ్య ఎక్కడో సముద్రం మీద దూరంగా ఉంటాడు. క్షిపణి అంత దూరం పోదు. మనం ఏమీ చెయ్యకుండా ఊరుకునుంటే వాళ్ళు బతికేవాళ్ళు." ఆమె ఏడుస్తోందని ఆమెకే తెలియలేదు. "మూడున్నరకి దిగడానికి వస్తారు. రెండు విమానాలూ సరిగ్గా క్షిపణుల నెత్తి మీదికి వస్తాయి. మనం బాగుచేశాం శ్యామ్‌గారూ. చాటుమాటుగా ఇద్దరం చెరోసారి బాగుచేశాం."

శ్యామ్‌సుందర్ ఫోన్ మీదికి ఉరికినంత పనిచేశాడు. ఉదయ్ నంబర్ తిప్పాడు. బుస్సుమంటూ ఖాళీ శబ్దం. మళ్ళీ తిప్పాడు. విమల లాక్కుని మేజర్ నంబర్ తిప్పింది. అదే బుస్సు. ఆపరేటర్‌ని పిలిచారు. ఆ పిల్ల విసుగూ విచారమూ లేని గొంతుతో చెప్పింది: మర్జాన్‌కి పోయే లైన్లన్నీ పదినిమిషాల క్రితమే మూసేశారు, అది వాళ్ళ ప్రభుత్వం ఆజ్ఞ, మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో తమకి తెలియదు. టెలెక్స్ కూడా అంతేనా అని విమల అడిగింది. అన్నీ అంతేనంది.

అప్పటికి నాలుగూ నలభై. మర్జాన్‌లో ఒకటీ నలభై. రషీద్ లేచి నలభై నిమిషాలయింది.

"వాళ్ళిద్దరూ ఒకరికొకరు చెప్పుకుంటరేమో," అన్నాడు శ్యామ్‌సుందర్. "ఉదయ్‌ది చిన్న వయసు, కడుపుల మాట దాగదు."

"ఒట్టు వేయించుకున్నారుగా."

"స్క్రీన్ మీద టైం తప్పుందని ఎవడో ఒకడు చూస్తడు."

"రాత్రి మూడింటప్పుడు, శత్రువు వస్తాడేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నవాడు స్క్రీన్ మీద చుక్క చూస్తాడు. టైం చూడడు."

ప్రతి ఫోన్ మీదా ఒక పసుపు స్టిక్కర్ ఉంది. కంపెనీ సెక్యూరిటీ ఆఫీసు నంబర్, ఇరవై నాలుగు గంటలూ మనిషి ఉంటాడు. అక్కణ్ణుంచి వాషింగ్టన్‌కి, వాషింగ్టన్ నుంచి మర్జాన్‌లో ఉన్న అమెరికన్ సైన్యం వాళ్ళకి సొంత రేడియో దారి ఉంది. ప్రభుత్వాలు లైన్లు మూసినా అది మూతపడదు. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇందాకట్నుంచీ ఇద్దరూ ఆ స్టిక్కర్ వంక చూడకుండా జాగ్రత్తపడుతున్నారు.

విమల రిసీవర్ ఎత్తింది. శ్యామ్‌సుందర్ తన అరచెయ్యి ఫోన్ మీద పెట్టి లైన్ నొక్కేశాడు. గట్టిగా కూడా కాదు, బతిమాలుతున్నట్టు పెట్టాడు.

"ఒక్క పది నిమిషాలు ఆగు. లైన్ తెరుస్తరేమో చూద్దం. నాకు ఇద్దరు పిల్లలు కాలేజీల ఉన్నరు. నీకు లూసీ ఉన్నది. దైవాశీర్వాదంగారికి ఏం చెప్తవ్?"

"చెయ్యి తియ్యండి."

"విమలా, వాళ్ళెవరో మనకు తెల్వది. నువ్వు ఆ పోరని మొఖం గూడ చూడలే."

ఆమెకి భయం తగ్గలేదు. ఇలాంటప్పుడు మనిషికి ఎక్కణ్ణుంచో ధైర్యం పుట్టుకొస్తుందంటారు. ఆమెకేం పుట్టలేదు. ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమేనని తెలుస్తోంది. లూసీ తలుచుకున్నకొద్దీ ఫోన్ కింద పెట్టేసి ఇంటికి పారిపోవాలనిపిస్తోంది. కానీ నిశ్చింతగా పడుకోండి అన్న మేజర్ గొంతు చెవిలోంచి పోవడం లేదు. ఆయన తన తమ్ముణ్ణి ఆమె మాట మీద ఆకాశంలో వదిలాడు.

"నేను మేజర్ మొహం చూశాను," అంది. "నా చేతి అన్నం తిన్నాడు. మీ పేరు నేను చెప్పను. మీరు గొడుగు తీసుకుని వెళ్ళిపోండి."

శ్యామ్‌సుందర్ చెయ్యి తీశాడు. వెళ్ళిపోలేదు. గోడకి ఆనుకుని, అలాగే జారి నేల మీద కూలబడ్డాడు.

ఆమె నంబర్ తిప్పింది. ఒక్క రింగుకే ఎత్తారు. మగగొంతు, మర్యాదగా ఉంది. విమల తన ఇంగ్లీషంతా కూడగట్టుకుంది.

"నా పేరు విమలకుమారి కొల్లాబత్తుల. కస్టమర్ ప్రాజెక్టులో ప్రోగ్రామర్‌ని. తప్పు నాది. నేను రాసిన గడియారం వల్ల మన టైం ఆరింటి నుంచి ఏడింటి దాకా వాళ్ళ రాడార్ వాళ్ళ విమానాలనే శత్రువులనుకుంటుంది. ఆరున్నరకి రెండు విమానాలు దిగుతాయి. వాటి మీద క్షిపణులు పేలుస్తారు. అక్కడున్న మనవాళ్ళకి ఇప్పుడే కబురు చెయ్యండి. గంట తగ్గించే కమాండ్ రెండుసార్లు ఎక్కింది, ఒకటి తీసేయమనండి. అంతే, ఒక్కటి తీసేస్తే చాలు. దయచేసి ఇప్పుడే చెప్పండి."

కాగితం మీద కలం గీస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆ చప్పుడు ఆగింది. గోడ మీద ఇర్వింగ్ గడియారంలో పెద్ద ముల్లు పన్నెండు మీదికి వచ్చి నిలిచింది. అయిదు. మర్జాన్‌లో రెండు. కంప్యూటర్ ముందుకి దూకి, రెండుసార్లు వెనక్కి వచ్చి ఉంటుంది.

"విన్నారా సర్?" అంది విమల. "రాసుకున్నారా?"

"విన్నాను మేడమ్," అంది ఆ గొంతు, తొందరేమీ లేకుండా. "ముందు ఒక విషయం చెప్పండి. మీరు పుట్టింది ఏ దేశంలో?"